ఎగిరొచ్చే డాక్టరు

ప్రశ్న: మా అమ్మాయి ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ పల్లెల్లో నర్సుగా చేరింది. అక్కడ డాక్టరు విమానంలో వస్తాడట. అప్పటిదాకా రోగి గతేంటి? డబ్బెంత తీసుకుంటారు?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: టెన్షన్ పడకండమ్మా. నేనూ ఆ వైపు ఆరేళ్లు నర్సుగా పనిచేసి వచ్చినదాన్నే. ఆ సేవ పేరు రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్. జాన్ ఫ్లిన్ అనే పాస్టరు పూనికతో 1928 మే 17న క్వీన్స్‌లాండ్‌లోని క్లోన్‌కరీ నుంచి తొలి విమానం లేచింది. మరుసటి ఏడాదే, కాళ్లతో పెడల్ తొక్కితే కరెంటు పుట్టే రేడియో వచ్చింది. కరెంటు లేని ఇళ్లు కూడా డాక్టరును పిలవగలిగాయి.

డాక్టరు వచ్చేలోపు ఆదుకునేది మందుల పెట్టె. దూరాన ఉన్న పశువుల క్షేత్రాల్లో ఉంచుతారు. అందులో ప్రతి మందుకూ ఒక నంబరు. డాక్టరు ఫోన్లో ఫలానా నంబరు మందు ఇవ్వమంటే చాలు, పేరు చదవడం రాకపోయినా పొరపాటు జరగదు. ఆ పెట్టెను చూసినప్పుడల్లా నాకు చేతులెత్తి మొక్కాలనిపించేది.

రాత్రిపూట విమానం దిగాలంటే ఊరివాళ్లే మట్టి రన్‌వే పొడవునా దీపాలు పెడతారు. ముందు జీపు నడిపి కంగారూలను తోలేస్తారు.

అత్యవసరంగా తీసుకెళ్తే అక్కడి ప్రజల దగ్గర ఈ సంస్థ డబ్బు తీసుకోదు. ప్రభుత్వాల నిధులు, జనం విరాళాలే ఆధారం. వీసా మీద వెళ్లింది కాబట్టి అమ్మాయిని ఇన్సూరెన్స్ మాత్రం సరిచూసుకోమనండి.