బూడిదలోని ఖాళీ

విశాఖపట్నం

అమ్మా,

నువ్వు పంపిన పాంపేయి కథ రెండుసార్లు చదివాను. క్రీ.శ. 79లో ఇటలీలో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై పాంపేయి పట్టణాన్ని కప్పేసిన వేళ బిడ్డను ఒడిలోకి లాక్కుని ప్రాణం విడిచిన తల్లిని కళ్లకు కట్టావు. వాక్యం నీకు లొంగింది, అందుకు సంతోషం. నా అభ్యంతరమంతా ఆ తల్లి గురించే.

ఆ ఊరి మీద మొదట గంటల తరబడి తేలికైన నురుగురాళ్లు కురిసి కప్పులు కూలాయి. ఆ తరువాత మరిగే వాయువులతో కలిసి మెత్తటి బూడిద ఉప్పెనలా వచ్చి, మిగిలినవారిని కప్పి గట్టిపడింది. లోపలి దేహాలు కాలక్రమంలో కరిగిపోగా, ఎముకలూ, మనిషి ఆకారంలో ఖాళీలూ మిగిలాయి. 1863లో తవ్వకాలు నడిపిన జుసెప్పే ఫియొరెల్లీ ఆ ఖాళీల్లోకి ప్లాస్టర్ పోయించి, అది గట్టిపడ్డాక చుట్టూ ఉన్న బూడిదను తొలగింపజేశాడు. బట్టల మడతలతో సహా మనుషుల రూపాలు బయటపడ్డాయి.

అలాంటి ప్లాస్టర్ అచ్చుల్లో బంగారు కడియం ధరించిన ఒకరినీ, ఒడిలోని పిల్లవాణ్ణీ చూసి తల్లీబిడ్డలని లోకమంతా దశాబ్దాలపాటు నమ్మింది. నీ కథ పుట్టింది అక్కడే అనుకుంటాను. 2024లో ప్రకటించిన డీఎన్ఏ పరిశోధనలో ఆ పెద్ద మనిషి పురుషుడనీ, ఆ పిల్లవాడికి రక్తసంబంధి కాడనీ తేలింది. తనకు ఏమీ కాని పిల్లవాడు చివరి క్షణంలో ఒక మగవాడి ఒడిలోకి ఎలా చేరాడు? నువ్వు రాసిన తల్లికంటే ఈ ప్రశ్న నన్ను ఎక్కువగా కలచివేస్తోంది. ఖాళీలో ప్లాస్టర్ పోసినవారు ఆకారాన్ని ఇచ్చారు. చుట్టరికాన్ని మనం పోశాం.

మన విశాఖ దగ్గరి పాత బౌద్ధ స్థలం తొట్లకొండ మీద తవ్వకాలు జరుగుతున్న రోజుల్లో, 1990 ప్రాంతంలో, నేను తరచూ అక్కడికి వెళ్లేవాణ్ణి. ఒక మధ్యాహ్నం మట్టి రంగు కాస్త మారగానే కూలీ పలుగు పక్కన పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, కుంచెతో ఒక పెంకు అంచును తుడవడం మొదలుపెట్టాడు. నేను ఆత్రంగా "కుండేనా?" అని అడిగితే తలెత్తకుండా, "ఇంకా తెలీదు బాబూ, అంచే కనపడతంది" అన్నాడు. ఆ సాయంత్రం దాకా అతడు దాన్ని కుండ అనలేదు. నీ కథలో నాకు ఆ ఆగడం కావాలి.

పెద్ద దుఃఖాలకంటే ముందు చిన్న వస్తువుల దగ్గర కూర్చో. ఎల్ సాల్వడార్‌లో హోయా దె సెరెన్ అనే పల్లె ఉంది. 1976లో బుల్‌డోజర్ తాకిడికి బయటపడింది. మాయా ప్రజల రైతు పల్లె. అక్కడి అగ్నిపర్వతపు బూడిద కింద పూరికప్పులూ, పెరటి మొక్కలూ, తిండి తిన్న గిన్నెల్లో వేళ్లతో తుడిచిన చారలూ నిలిచాయి. ఆ ఇళ్లలో మృతదేహాలు మాత్రం దొరకలేదు. ఎవరి వేళ్లో ఎవరూ చెప్పలేరు, అయినా ఎవరో అక్కడ తిండి తిని లేచి వెళ్లారని ఆ చారలు చెబుతాయి.

నీ కథలోంచి "తల్లి" అనే మాట తీసివేసి, ఆ కడియాన్నీ, ఆ చేతినీ, ఆ పిల్లవాణ్ణీ మాత్రమే ఉంచి మొదటి పేజీ తిరగరాయి. ఆదివారం పొద్దున్నే దాన్ని తీసుకుని తొట్లకొండకు రా. అక్కడే చదువుకుందాం.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి