రేసు కార్ల ఫొటోలకు పోలరైజర్ పనికొస్తుందా?

మీరు అడిగింది ఇదీ: వచ్చే నెల చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో రేసులకు వెళ్తున్నారు, చేతిలో 70-300 లెన్సు ఉంది. పోయినసారి తీసిన ఫొటోల్లో ముందు అద్దం నిండా ఆకాశమే పడింది, డ్రైవర్ జాడ లేదు. సీపీఎల్, అంటే లెన్సు ముందు బిగించి తిప్పితే అద్దాల మీది మెరుపు తగ్గించే సర్క్యులర్ పోలరైజర్ ఫిల్టర్, కొంటే ఆ బాధ తీరుతుందా?

కొనండి. అయితే డ్రైవర్ కోసమే కొంటే సగంసార్లు నిరాశే మిగులుతుంది. నాకు అది అసలు అక్కరకొచ్చింది మిట్టమధ్యాహ్నం ప్యానింగ్‌కి, అంటే కారుతో పాటే కెమెరా తిప్పుతూ తీయడానికి.

చెరువు గట్టు మీద నిలబడి కాళ్ళ దగ్గర నీళ్ళలోకి చూస్తే అడుగున చేపలు కనిపిస్తాయి. చూపు కాస్త దూరంగా సారిస్తే ఆకాశమే కనిపిస్తుంది. పోలరైజర్ బాగా పనిచేసేది ఆ ఏటవాలు చూపులోనే, అదీ గాజుకి సుమారు 35 డిగ్రీల వాలులో చూసినప్పుడు. గాజుని నేరుగా ఎదురుగా చూస్తే దానికి చేసే పనే ఉండదు. ఇప్పుడు ప్యానింగ్ సంగతి ఆలోచించండి. ఫొటో బాగా కుదిరేది కారు సరిగ్గా మన ముందు నుంచి వెళ్తున్నప్పుడు. పక్క కిటికీ అద్దం మనకు నేరుగా ఎదురుగా ఉండేదీ అప్పుడే. అంటే ఫిల్టర్ చేతులెత్తేసేది కూడా ఆ క్షణానే! మలుపు తిరిగి మన వైపు వస్తూ ముందు అద్దం, బానెట్ ఏటవాలుగా కనిపించేటప్పుడు మాత్రం తేడా బాగా తెలుస్తుంది. అందుకే ఆ 3.7 కిలోమీటర్ల ట్రాక్ మీద ఎక్కడ నిలబడాలో తేల్చుకుంటే సగం పని అయినట్టే. నేల మీద కూర్చుని తీస్తే బానెట్ మరీ పలచటి గీతలా కనిపిస్తుంది, ఫిల్టర్‌కి పట్టు దొరకదు. స్టాండ్‌లో పై మెట్ల మీద నుంచి తీస్తే దొరుకుతుంది.

ఇంకో చిక్కు. బానెట్ మీది మెరుపు తగ్గేలా ఫిల్టర్ రింగు తిప్పితే పక్క అద్దం మీది మెరుపు అలాగే ఉంటుంది, ఒక్కోసారి ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒకటి పడుకున్న పలక, ఇంకోటి నిలబడ్డ పలక కాబట్టి రెండూ ఒకే తిప్పులో లొంగవు. కారు పరుగెత్తుతుంటే రింగు తిప్పుతూ కూర్చోలేం. కార్లు గ్రిడ్‌కి నెమ్మదిగా వెళ్ళే ల్యాప్‌లోనే ఒక చోటు అనుకుని, అక్కడికి కారు వచ్చినప్పుడు ఎలా ఉందో చూసి తిప్పి వదిలేస్తాను. కెమెరా నిలువుగా పట్టుకుంటే ఆ లెక్క మొత్తం మారిపోతుంది, మళ్ళీ తిప్పాలి. ఇది మరిచిపోయి ఎన్ని ఫ్రేములు పాడుచేశానో లెక్క లేదు.

మొదట్లో మెరుపంతా తీసేయడమే గొప్ప అనుకునేవాణ్ణి. ఒక ఎర్ర పోలో ఫొటోలు ఇంటికొచ్చి చూస్తే తిరునాళ్ళలో కొన్న ప్లాస్టిక్ బొమ్మలా ఉంది. రేసు కారుకి నిగనిగే అందం. ఇప్పుడు పూర్తిగా తిప్పను, సగంలో ఆపేస్తాను. పోలోతో పాటు ఇంకో పాఠం కూడా నేర్చుకున్నాను. ఒక టూరింగ్ కారు పక్క కిటికీ మీద, రోడ్డు మీది నీళ్ళలో పెట్రోలు చుక్క పడితే తేలే రంగుల్లాంటివి వచ్చాయి. బరువు తగ్గుతుందని చాలా రేసు కార్లకు గాజు బదులు పాలీకార్బొనేట్ బిగిస్తారు, దానిలోని ఒత్తిడి గీతలు పోలరైజర్‌లోంచి చూస్తే రంగులై కనిపిస్తాయి. మామూలు కార్ల వెనక అద్దం టఫెన్డ్ గాజు కాబట్టి అందులో నల్లటి మచ్చలు వరుసగా తేలతాయి. ఎడిటింగ్‌లో వాటిని తుడవడం ప్రాణాంతకం.

ఇక మధ్యాహ్నం సంగతి. మండే ఎండలో ఐఎస్ఓ 100, షట్టర్ 1/60 పెడితే అపర్చర్ ఎఫ్ 22 దాకా మూయాలి. అక్కడ ఫొటో మెత్తబడుతుంది, సెన్సర్ మీది దుమ్ము చుక్కలన్నీ ఆకాశంలో పొడుచుకొస్తాయి. పోలరైజర్ దాదాపు ఒకటిన్నర స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుతురు సగానికి తగ్గడం) వెలుతురు తినేస్తుంది కాబట్టి ఎఫ్ 13తో సరిపోతుంది. చక్రాలు తిరుగుతున్నట్టు, వెనక చెట్లు గీతలైనట్టు హాయిగా వస్తుంది. అందరూ దాని లోపం అనేది ఇక్కడ మనకు లాభం.

అపర్చర్ ఇంతకంటే ఎక్కువ తెరవాలంటే మాత్రం ఎన్‌డీ ఫిల్టరే, అంటే వెలుతురు మాత్రమే తగ్గించే నల్లటి గాజు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన జరిగిన ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ రేసు హైదరాబాద్ ఈ-ప్రికి రెండూ తీసుకెళ్ళాను. ఫార్ములా ఈ కార్లకు ముందు అద్దమే లేదు, పోలరైజర్‌తో పనేముంది? పైగా ఎదురుగా కంచె. అది మసకబారాలంటే అపర్చర్ బాగా తెరవాలి. మూడు స్టాప్‌ల ఎన్‌డీ 8 పెడితే 1/125 దగ్గర ఎఫ్ 16 కాస్తా ఎఫ్ 5.6 అయింది. పోలరైజర్ ఆ రోజంతా బ్యాగులోనే ఉంది.

కొనేటప్పుడు మీ లెన్సు ముందు రాసి ఉన్న మిల్లీమీటర్ల సైజు చూసుకోండి, సర్క్యులర్ రకమే అడగండి. మరీ చవకది వద్దు. నా మొదటిది అలాంటిదే, 300 దగ్గర ఫోకస్ కుదిరినా కారు మీది స్టిక్కర్ల అక్షరాలు అలుక్కుపోయినట్టు వచ్చేవి.

సాయంత్రం నాలుగు దాటాక వెలుతురు తగ్గుతుంది, పోలరైజర్ తీసేయండి. ఒకసారి చివరి రేసుకి ముందు తీయబోతే నాది బిగుసుకుపోయింది. ముందు రింగు పట్టుకుంటే అది తిరుగుతుందే తప్ప ఊడదు కదా. టెన్షన్‌లో ఇంకా గట్టిగా నొక్కి పట్టుకున్నాను, అలా నొక్కితే రింగు వంకరపోయి ఇంకా బిగుసుకుంటుందని అప్పుడు తెలియదు. ఐఎస్ఓ 800తో అయిపోవాల్సిన రేసు 2200 దగ్గర, ఇసుక చల్లినట్టు తీసుకొచ్చాను. అప్పటి నుంచి బ్యాగులో ఒక వెడల్పు రబ్బరు బ్యాండు ఉంటుంది. లెన్సుని ఆనుకుని ఉన్న వెనక రింగుకి చుట్టి, నొక్కకుండా మెల్లగా తిప్పితే వచ్చేస్తుంది.