కింద గోడ మూయకు, బిడ్డా

బిడ్డా,

లారీ డ్రైవర్లు దిగి తామే వండుకోవడానికి నార్కట్‌పల్లి దగ్గర ఉమ్మడి వంటశాల కడుతున్నారని, దాని ప్లాను నువ్వే గీస్తున్నావని మీ నాయన ఫోన్ చేసి చెప్పాడు. మీ పెద్దమ్మకు రెండుసార్లు చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

చోటు మంచిదే. విజయవాడ రోడ్డు నుంచి అద్దంకి రోడ్డు అక్కడే చీలుతుంది. మిర్యాలగూడ బియ్యం బండ్లు, హుజూర్‌నగర్ వైపు సిమెంటు బండ్లు ఎటుపోయినా కంటబడతాయి.

నీళ్లు, లైట్లు, చెత్తడబ్బాలు నీకు చెప్పక్కర్లేదు. బోరు నీళ్లు మాత్రం గిన్నెలు కడగడానికే. మన ఫ్లోరైడ్ కాచినా పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. తాగడానికి, వండడానికి కృష్ణా నీళ్ల నల్లా వేరే పెట్టించు. మాంసం వండని రాజస్థాన్ వాళ్లకు రెండు పొయ్యిలు విడిగా ఉంచు.

పొయ్యి దగ్గర నిలబడితే బండి కనబడాలి. నీ ప్లానులో డ్రైవర్ వీపు బండి వైపు ఉంది. డీజిల్ తీస్తారని, స్టెప్నీ పోతుందని ఎప్పుడూ గుబులే వాడికి. బండి కనబడకపోతే నీ వంటశాల వదిలేసి టైరు పక్కనే స్టవ్ వెలిగించుకుంటాడు. పొద్దంతా సీట్లో కూర్చున్నవాడు నిలబడి కూర వండుతాడు గానీ, పిండి పిసకడానికి మాత్రం కిందే కూర్చుంటాడు. నేల మీద ఒక మూల బండలు నున్నగా వేయించు.

ఇక అసలు సంగతి. ఇరవై ఏళ్ల కిందట మా లారీల అడ్డాలో రేకుల షెడ్డు వేసి నాలుగు పొయ్యిలు పెట్టించింది నేనే. కుక్కలు లోపలికొచ్చి పిండి సంచులు లాక్కుపోతున్నాయని చుట్టూ నడుమెత్తు గోడ కట్టించాను. తలుపు కింద సందు కూడా లేకుండా చెక్క కొట్టించాను. పైనంతా జాలీయే, గాలి బాగా ఆడుతుందనుకున్నాను. సిలిండర్ ప్లాట్‌ఫాం కిందే.

గ్యాసు గాలికంటే బరువని అప్పుడు నాకు తెలియదు. ఎలుక కొరికిన పైపులోంచి రాత్రంతా కారి, నా గోడ మధ్య నీళ్లలా నిలిచింది. తెల్లవారుజామున ఒక క్లీనర్ పిల్లాడు టీ పెడదామని వచ్చాడు. జలుబు చేసి ముక్కు పనిచేయడం లేదు. అగ్గిపుల్ల గీశాడు. మంట నేల మీదుగా పరుగెత్తిందని వాడే తర్వాత చెప్పాడు. మోకాళ్ల కింద చర్మమంతా ఊడింది. ఆస్పత్రికి తీసుకెళ్తుంటే కేబిన్‌లో నా ఒళ్లో తలపెట్టి ఒకటే మాట, మా సేటుకు చెప్పకండి అని. చొక్కా జేబులో టీపొడి పొట్లం చెక్కు చెదరలేదు. బతికాడు, తర్వాత డ్రైవరయ్యాడు. ఎండాకాలంలో కూడా వాడు లుంగీ పైకి కట్టడు.

కుక్కల కోసం గోడ కట్టిన తెలివి నాది!

నీ ప్లానులో కూడా సిలిండర్లు ప్లాట్‌ఫాం కిందే గీశావు. పైగా అద్దాల తలుపులు. చదువుకున్నదానివి, ఆ మాత్రం చూసుకోవద్దా? తిట్టాలనే కూర్చున్నాను, కానీ మొదట చేసినవాణ్ని నేనే కదా. 19 కిలోల సిలిండర్లన్నీ బయట నీడలో, మోరీకి దూరంగా పెట్టించు. పైపులు ఎలుకకు అందకుండా ఇనుపవి వేయించు. గోడ అడుగున నేలకు ఆనుకుని జాలీలు వదులు, కుక్కలకు ఆ ఇనుప జాలీ చాలు. ఆషాఢంలో పడమటి గాలి మంటను ఆర్పేస్తుంది, ఆరిన పొయ్యిలోంచి గ్యాసు వస్తూనే ఉంటుంది. కాబట్టి ఆ ఒక్కవైపు పొయ్యి ఎత్తున గోడ ఉండాలి, అడుగున జాలీ మాత్రం వదలాల్సిందే. అన్ని పొయ్యిలకూ గ్యాసు ఒకేసారి ఆపేసే వాల్వును తలుపు బయట, పొట్టివాడికి కూడా అందేలా పెట్టించు.

ఆదివారం రా. రాత్రి పదకొండుకు రోడ్డు మీదికి తీసుకెళ్తాను, బండ్ల పక్కన ఎట్లా వండుకుంటున్నారో నీ కళ్లతోనే చూద్దువు. పెద్దమ్మ జొన్నరొట్టెలు చేస్తానంటోంది. ప్లాను కాగితం మీద తీసుకురా, ఫోన్‌లో నా కళ్లకు ఆనడం లేదు.

మీ పెదనాయన