నల్లగొండ నుంచి సింగపూర్‌కు ఉద్యోగానికి వెళ్తే నెల ఖర్చులు ఎలా ఉంటాయి?

జీతంలో పెద్ద వాటా ఇంటి అద్దెకే పోతుంది. ఒంటరిగా వెళ్లేవారికి హెచ్‌డీబీ (అక్కడి ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ) ఫ్లాటులో ఒక గది చాలు. తర్వాతి దెబ్బ కరెంటు బిల్లు. నల్లగొండ ఎండలు చూసినవారికి అక్కడి వేడి ఒక లెక్కా అనిపిస్తుంది గానీ, ఏడాది పొడవునా ఉక్కపోతే. చలికాలమే లేదు కాబట్టి ఏసీకి సెలవుండదు. కారు మాట మరచిపోండి. కొనాలంటే ముందు 10 ఏళ్ల అనుమతి పత్రానికి వేలంలో పాడాలి. ఒక్కోసారి అదే కారు ధరను మించుతుంది. మెట్రో, బస్సు హాయి. భోజనం హాకర్ సెంటర్లలో, అంటే చిన్న చిన్న తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే ప్రాంగణాల్లో, చవక. సన్నబియ్యం, మునక్కాయలు లిటిల్ ఇండియాలో దొరుకుతాయి, మన మిర్యాలగూడ ధరకు మాత్రం కాదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పౌరులకిచ్చే రాయితీ ఉద్యోగానికి వచ్చిన విదేశీయులకు ఉండదు. ఆరోగ్య బీమా ఎంతవరకు ఇస్తారో సంతకానికి ముందే కంపెనీని అడగండి.