బ్యాంకుకు ‘తీర్మానం’ ఏమిటి?

సందేహం: కష్టాల్లో పడ్డ బ్యాంకుల గురించి ఒక అనువాదంలో ‘క్రమబద్ధమైన తీర్మానం’ అని చదివాను. మరోచోట ‘పరిష్కారం’ అని ఉంది. మా నాన్నగారేమో ‘బ్యాంకు ఐపీ పెట్టేసింది’ అంటారు. వీటిలో ఏది సరైనది?

సమాధానం: ‘తీర్మానం’ తప్పు. పంచాయతీలోనో సంఘంలోనో నలుగురూ కూర్చుని చేసేది తీర్మానం. ఇంగ్లిషులో ఉన్న మాట ‘రిజల్యూషన్’. బ్యాంకుల విషయంలో దానికి అర్థం, కష్టాల్లో పడ్డ బ్యాంకు వ్యవహారాన్ని ఒక కొలిక్కి తేవడం. కానీ రిజల్యూషన్ అనగానే మనకు ముందు గుర్తొచ్చేది తీర్మానమే కాబట్టి అనువాదంలో అది దూరింది.

మీ నాన్నగారి మాట నాకు ఎంతో ఇష్టం. ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద, అప్పులు తీర్చలేనివాడు కోర్టులో వేసుకునే అర్జీ. కోర్టు కాగితం మీది రెండక్షరాలు ఊళ్లోకి వచ్చి, ‘చిట్టీలాయన ఐపీ పెట్టాడట’ అనేంతగా మనవైపోయాయి. ఇంగ్లిషు అక్షరాలే అయినా ఇది తెలుగు పలుకుబడే, వాడుకోవచ్చు. కానీ బ్యాంకుకు మాత్రం పొసగదు. మన దేశంలో బ్యాంకు ఐపీ పెట్టదు. 2016 నాటి దివాలా స్మృతి కూడా బ్యాంకులకు వర్తించదు. పరిస్థితి చేయి దాటకముందే రిజర్వు బ్యాంకు, కేంద్ర ప్రభుత్వం కలగజేసుకుంటాయి.

సికింద్రాబాద్ కేంద్రంగా నడిచిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు సంగతే చూడండి. 2004 జులై 24, శనివారం, దాని మీద మారటోరియం, అంటే చెల్లింపులపై తాత్కాలిక ఆంక్ష, పడింది. ఖాతాదారు పదివేలకు మించి తీయడానికి లేదు. జనానికి ఎంత టెన్షనో చెప్పనక్కర్లేదు. మూడు వారాలకే, ఆగస్టు 14న, అది ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో కలిసిపోయింది. డిపాజిట్లు భద్రంగా ఉన్నాయి, వాటాదారులకు మాత్రం ఏమీ దక్కలేదు. దీన్ని ‘దివాలా తీసింది’ అంటే డిపాజిట్లు కూడా పోయాయనిపిస్తుంది. ‘పరిష్కారం’ అంటే అందరికీ మేలు జరిగిందనిపిస్తుంది. రెండూ పూర్తి నిజం కావు.

నన్నడిగితే ‘చక్కబెట్టడం’ అంటాను. పెళ్లయిన మర్నాడు ఇల్లు చక్కబెట్టేటప్పుడు ఏం చేస్తాం? అరువు తెచ్చిన గిన్నెలు ఎవరివి వాళ్లకు చేరుస్తాం, పందిరి విప్పిస్తాం, పనికొచ్చే సామాను లోపల పెడతాం, వాడిపోయిన తోరణాలు తీసేస్తాం. బ్యాంకు విషయంలోనూ జరిగేది అదే. డిపాజిటరు సొమ్ము చేర్చాలి, నడిచే శాఖలను ఇంకొకరికి అప్పగించాలి, మిగిలినది మూసేయాలి. ‘క్రమబద్ధంగా’ అని విడిగా చెప్పే పనే లేదు, ‘చక్క’లోనే ఆ అర్థం ఉంది. చట్టం గురించి రాసేటప్పుడు ‘పరిష్కార ప్రక్రియ’ అనే రాయండి, అది స్థిరపడింది. వ్యాసంలో, మాటల్లో మాత్రం ‘బ్యాంకును చక్కబెట్టడం’ హాయిగా ఉంటుంది.

ఇలాంటి మాటల్ని విప్పి చెప్పకపోతే ఏమవుతుందో 2017లో చూశాం. ఆ ఏడాది లోక్‌సభకు వచ్చిన ఆర్థిక పరిష్కార, డిపాజిట్ బీమా బిల్లులో ‘బెయిల్ ఇన్’ అనే మాట ఉంది. చాలాచోట్ల దాన్ని అలాగే వదిలేశారు. బెయిలంటే మనకు తెలిసింది కోర్టు బెయిలే కదా! ‘బ్యాంకు మనకివ్వాల్సిన బాకీలో కోత పెట్టడం, లేదా దాన్ని వాటాగా మార్చడం’ అని రాసి, బీమా ఉన్న మొత్తం జోలికి రారని పక్కనే చెప్పి ఉంటే, చదివినవాళ్లు తమ డబ్బు గురించి తామే లెక్క వేసుకునేవారు. 2018లో ప్రభుత్వం ఆ బిల్లును వెనక్కి తీసుకుంది.