అడవిలో మనిషిలా నడిచే పెద్ద కోతిని చూశామనేవాళ్లను నమ్మొచ్చా?

మీ బాబాయిగారు అడవి దారిలో మనిషిలా నిలబడ్డ నల్లటి జంతువును చూశానంటున్నారనీ, ఇంట్లో ఎవరూ నమ్మడం లేదనీ రాశారు. అమెరికా అడవుల్లో బిగ్‌ఫుట్, హిమాలయాల్లో యతి అని చెప్పుకునే మనిషిలాంటి జంతువుల్ని చూశామనేవాళ్లంతా అబద్ధం చెబుతున్నారా అని అడిగారు. కాదండీ. నేనూ ఒకసారి చూశాను.

2011 మార్చిలో మా మావయ్యతో కలిసి గుంటూరు నుంచి శ్రీశైలం బయల్దేరాను. వినుకొండ, మార్కాపురం దాటి దోర్నాల చేరేసరికే సాయంత్రమైంది. ఘాట్ ఎక్కుతుంటే ఇంజన్ వేడెక్కింది. కారు పక్కన ఆపి బానెట్ ఎత్తి నిలబడ్డాం. చెట్లలోంచి సైకిల్ పంపు కొడుతున్నట్టు భుస్ భుస్‌మని ఆగి ఆగి చప్పుడు. అంతలో ఓ నలభై అడుగుల దూరంలో, చెదపుట్ట పక్కన నల్లగా ఒకటి లేచి నిలబడింది. ఒళ్లంతా జులపాలు. చేతులు కిందికి వేలాడుతున్నాయి. మా వైపే చూసి, ఒకటి రెండు అడుగులు పక్కకి వేసి పొదల్లో కలిసిపోయింది. "అల్లుడూ, అది మనిషి కాదురా, కోతీ కాదు. మెడ కింద తెల్లగా తువ్వాలు వేసుకున్నట్టు ఉంది, చూశావా?" అన్నాడు మావయ్య. ఆ రాత్రి సత్రంలో ఇద్దరికీ నిద్ర లేదు.

గుంటూరు వచ్చాక బ్రాడీపేటలో టీ బంకు దగ్గర మావయ్య అందరికీ చెప్పాడు. ఏడడుగులు ఉంటుందా అని ఒకరు, కళ్లు ఎర్రగా ఉన్నాయా అని ఇంకొకరు అడిగారు. వారం తిరిగేసరికి దానికి ఏడడుగుల ఎత్తూ, ఎర్రటి కళ్లూ వచ్చేశాయి. ఆయన అబద్ధమాడలేదు. అడిగిన ప్రతి ప్రశ్నా జ్ఞాపకంలో ఖాళీగా ఉన్న చోటును నింపింది. తెల్ల తువ్వాలు గురించి ఎవరూ అడగలేదు, అది కథలోంచి జారిపోయింది. బంధువులు మాత్రం మందేసి చూశాడని నవ్వారు. మావయ్య జీవితంలో మందు ముట్టలేదు. పక్కనే ఉండి చూసిన నేను ఆరోజు నోరు విప్పలేదు. అది ఇప్పటికీ నన్ను బాధిస్తుంది.

రెండేళ్ల తర్వాత తుమ్మలబైలు జంగిల్ సఫారీకి వెళ్లినప్పుడు చెంచు గైడ్‌కి ఇదంతా చెప్పాను. ఆయన ఎత్తు సంగతి అడగలేదు. "ముందు చప్పుడు విన్నారా? రొమ్ము మీద తెల్ల గీత ఉందా?" అన్నాడు. ఎలుగుబంటి! దానికి పై దవడలో ముందు పళ్లు రెండు ఉండవు. పుట్ట తవ్వి, మట్టిని ఉఫ్‌మని ఊది, చెదపురుగుల్ని ఆ సందులోంచి పీల్చుకుంటుంది. ఆ చప్పుడు వంద మీటర్ల దూరానికి కూడా వినిపిస్తుంది. ఏదైనా వాసన తగిలితే వెనక కాళ్ల మీద లేచి నిలబడుతుంది.

హిమాలయాల్లోనూ ఇలాగే తేలింది. పర్వతారోహకుడు మెస్నర్ 1986లో టిబెట్‌లో యతి లాంటిదాన్ని చూసి, ఏళ్ల తరబడి వెతికి, చివరికి అది ఎలుగుబంటేనన్నాడు. యతివని దాచిన ఎముక, పన్ను, చర్మం, వెంట్రుకల్లాంటి 9 నమూనాలకు డీఎన్‌ఏ పరీక్ష చేసి 2017లో ఫలితాలు ప్రకటించారు. 8 ఎలుగుబంట్లవి, ఒకటి కుక్కది. పాదముద్రల సంగతీ అంతే. ముందు పాదం పడ్డ చోట వెనక పాదం పడితే రెండూ కలిసి పొడవాటి మనిషి అడుగులా కనిపిస్తాయి, మంచు కరిగితే ఇంకా పెద్దవవుతాయి. మోసాలూ లేకపోలేదు. 1958లో కాలిఫోర్నియాలో బిగ్‌ఫుట్ అన్న పేరు పత్రికలకెక్కించిన అడుగులు చెక్క పాదాలతో వేసినవని 2002లో రే వాలెస్ అనే ఆయన చనిపోయాక కుటుంబమే చెప్పింది. కానీ ఒకరు చేసిన మోసానికి చూసిన ప్రతివాళ్లనీ దొంగల్లా చూడటం అన్యాయం.

సఫారీ నుంచి వచ్చిన రోజే మావయ్య ఇంటికి వెళ్లి, అందరి ముందూ తువ్వాలు సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ మాట నీకు గుర్తుందా?" అని మాత్రం అడిగాడు.

మీ బాబాయిగారిని ఎంత ఎత్తుందని అడగకండి. చూడకముందు ఏం వినపడిందో, పక్కన పుట్టగానీ, ఎలుగుబంట్లు ఇష్టపడే ఇప్పచెట్టుగానీ ఉందేమో, ఇంటికి రాగానే మీ పిన్నిగారితో మొట్టమొదట ఏమన్నారో అడగండి. ఆయన చెప్పింది చెప్పినట్టు, మధ్యలో ఏమీ అందించకుండా రాసుకోండి.