గే షుగర్ డాడీ డేటింగ్ ఆన్‌లైన్‌లో ఇంతగా పెరగడానికి కారణం కుర్రాళ్ల డబ్బాశేనా?

ప్రశ్న అడిగినవారు అందులోనే తీర్పు కూడా చెప్పేశారు. నేను ఒప్పుకోను. డబ్బున్న పెద్ద వయసు మగవాళ్లు (షుగర్ డాడీలు), సాయం కావలసిన కుర్రాళ్లు పరిచయమయ్యే ఆ సైట్లలో ఏడు నెలలు ఉన్నవాణ్ని కాబట్టి చెబుతున్నాను.

2015 ఆగస్టులో ఎమ్మెస్ కోసం డల్లాస్‌లో దిగాను. అంతకు రెండు నెలల ముందే అమెరికా అంతటా గే పెళ్లిళ్లు చట్టబద్ధమయ్యాయి. మన దగ్గర మాత్రం గే సంబంధాన్ని నేరమనే సెక్షన్ 377 అప్పటికింకా ఉంది, 2018లో గానీ సుప్రీంకోర్టు దాన్ని నేరం కాదనలేదు. నాన్న రెండెకరాలు తాకట్టు పెట్టి నన్ను పంపారు. ఎఫ్1 వీసా మీద సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చేయాలి. నాకు ఆ 20 గంటలు కూడా దొరకలేదు. అప్పుడే ఒక సైట్, కాలేజీ మెయిల్ ఐడీ ఇస్తే ప్రీమియం ఉచితం అంది. అవసరంలో ఉన్నవాణ్ని ఎక్కడ పట్టుకోవాలో వాళ్లకు బాగా తెలుసు.

అక్కడ ఒకాయన పరిచయమయ్యాడు. ఫొటోలో నెరిసిన గడ్డం. చదువు గురించి, అమ్మ గురించి అడిగేవాడు. ఇంట్లో ఎన్నడూ చెప్పలేని మాట జీవితంలో మొదటిసారి అతనికే చెప్పాను. డబ్బు మాట మూడు వారాలకు గానీ రాలేదు. 1,950 డాలర్ల చెక్కు ముందూ వెనకా ఫొటో తీసి పంపి, బ్యాంకు యాప్‌లో వేసుకోమన్నాడు. 1,200 నా రెంటుకట. మిగతా 750కి గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు పంపితే ఏదో అనాథాశ్రమానికి ఇస్తాడట.

మర్నాడు కొంత, ఆ మర్నాటికి మొత్తం డబ్బు అకౌంట్‌లో కనిపించింది. 250 డాలర్ల కార్డులు మూడు కొని, షాపు బయట బెంచీ మీద కూర్చుని పావలా డాలర్ నాణెంతో వెనకున్న పూత గీకాను. ఆ బూడిదరంగు పొడి గోళ్లలో ఇరుక్కుంది. నంబర్లు పంపాను. నాలుగో రోజు చెక్కు బౌన్స్ అయింది, అకౌంట్ మైనస్‌లోకి పోయింది, అతని ప్రొఫైల్ మాయమైంది.

అందరూ తెలుసుకోవాల్సింది ఇదే. అమెరికాలో చెక్కు నిజంగా పాసవ్వకముందే బ్యాంకు మీకు డబ్బు అందుబాటులో ఉంచాలి, అది చట్టం. బ్యాలెన్స్‌లో అంకె కనిపిస్తే చెక్కు మంచిదని కాదు. చెక్కు తిరిగొస్తే కట్టాల్సింది మీరే.

బ్యాంకులో ఆమె "ఈ చెక్కు ఎవరిచ్చారు?" అని అడిగితే నోరు పెగల్లేదు. పోలీసుల దగ్గరికీ వెళ్లలేదు. ఆదివారం నాన్న ఫోన్ చేసి "రెంట్ కట్టావా నాన్నా" అంటే కట్టానన్నాను. నా ఉద్దేశంలో ఈ వ్యాపారం పెరగడానికి అసలు కారణం ఇదే. మనం ఎవరికీ చెప్పుకోలేమని మోసగాడికి తెలుసు. 2021 సెప్టెంబరు నుంచి ప్లే స్టోర్‌లో షుగర్ డేటింగ్ యాప్‌లు వద్దని గూగుల్ నిషేధం పెట్టింది. ఏం లాభం? బోర్డు మారింది, కొట్టు అదే.

అందరూ దొంగలే అనను. డల్లాస్‌లోనే ఓక్ లాన్ అనే పేటలో ఒక రిటైరైన పెద్దాయనను నాలుగు శనివారాలు కాఫీకి కలిశాను. 2003 దాకా టెక్సస్‌లో ఇద్దరు మగవాళ్లు సొంత ఇంట్లో కలిసినా నేరమే. ఆ చట్టం పోయేనాటికి ఆయనకు యాభై దగ్గరపడ్డాయి. ఎయిడ్స్ రోజుల్లో పోయిన స్నేహితుల పేర్లు ఒక్కొక్కటే చెబుతుంటే కాఫీ చల్లారిపోయేది. ఆయనకు కావలసింది ఎదురుగా కూర్చుని వినే మనిషి. అలాంటివాళ్లను "ముసలి కాముకులు" అని ఒక్క మాటలో తేల్చేస్తే నాకు కోపం వస్తుంది.

చెక్కు సంగతి చివరికి మా రూమ్మేట్‌కు చెప్పాను. నరసరావుపేట కుర్రాడు. సింక్ దగ్గర కుక్కర్ గిన్నె తోముతున్నాడు. నేను గే అనీ, చెక్కు అలా వచ్చిందనీ ఒకే ఊపిరిలో చెప్పేశాను. కుళాయి కట్టేసి చేతులు తుడుచుకున్నాడు.

"ఈ నెల రెంట్ నేను కడతాలే మామా. ఈసారి ఎవడైనా చెక్కు పంపితే ముందు నాకు చూపించు."

తర్వాత ఇంకో రెండు వచ్చాయి. రెండూ అతనికే చూపించాను.